పూర్ణా మార్కెట్‌కి ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

రాజమండ్రి_కుర్రాడు:
మే నెలలో అమ్మనీ పిల్లల్నీ తీసుకుని కారులో వైజాగ్ వస్తున్నాం. బీచ్, కైలాసగిరి ఎలాగూ ఉన్నాయి, నాకైతే పూర్ణా మార్కెట్ తిరగాలనుంది. పొద్దున్నా, సాయంత్రమా? ఏటికొప్పాక బొమ్మలు అక్కడ దొరుకుతాయా?

వన్‌టౌన్_వాసి:
పొద్దున్నే రండి, ఎండ ముదిరాక ఆ ఉక్కలో పెద్దావిడ నిలబడలేరు. కారు మాత్రం హోటల్లోనే వదిలేయండి బాబూ, ఆ సందుల్లో తోపుడు బళ్లకే దారుండదు, జగదాంబ జంక్షన్ నుంచి ఆటోలో దగ్గరే. పూలు, కూరలు, కిరాణా అన్నీ ఒకచోటే చూడొచ్చు. బేరం ఆడండి గానీ గంపలో నాలుగు కట్టలు పెట్టుకున్న ముసలమ్మ దగ్గర వద్దు. బేరాల టెన్షన్ వద్దనుకుంటే ఎంవీపీ కాలనీ రైతు బజార్‌కి పోండి, రేట్లు బోర్డు మీదే రాసుంటాయి.

కోనాం_ప్రియుడు:
ఫిషింగ్ హార్బర్ కూడా చూద్దామనుకుంటారేమో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, వేలంపాట హడావిడి కనపడదు. కోనాం చేప తినాలంటే వేరే నెలలో రండి!

రాజమండ్రి_కుర్రాడు:
థాంక్సండీ, మరి బొమ్మల సంగతి?

వన్‌టౌన్_వాసి:
వాటికోసం మార్కెట్లో వెతక్కండి. మీరొచ్చే దారిలోనే ఎలమంచిలి దగ్గర హైవే దిగితే ఏటికొప్పాక ఊరికే వెళ్లొచ్చు. అంకుడు కర్రకి లక్క రంగులు ఎక్కించడం పిల్లలు చూస్తారు, 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. టైం లేదంటే సిటీలో లేపాక్షి అని ప్రభుత్వ హస్తకళల షాపు ఉంది.