ప్రొవైడర్ ఎక్కించిన లాగిన్ సాఫ్ట్‌వేర్‌తో షాపు పని ఆగిపోతోంది, లైను మార్చేయాలా?

గజపతినగరం జిరాక్స్:

అందరికీ నమస్కారం. గజపతినగరంలో నాకు జిరాక్స్ షాపు ఉంది. రెండు సిస్టమ్‌లు, ఒక జిరాక్స్ మిషను, కలర్ ప్రింటరు, లామినేషను. మెంటాడ, దత్తిరాజేరు, బొండపల్లి వైపు నుంచి పిల్లలు ఆన్‌లైన్ అప్లికేషన్లకి నా దగ్గరికి వస్తారు. నెట్ లేకపోతే నాకు మిగిలేది జిరాక్స్ ఒక్కటే, దానితో షాపు అద్దె కూడా రాదు.

ఇప్పుడున్న ఫైబర్ కనెక్షన్ తీసుకుని ఏడు నెలలైంది. కంపెనీ పేరు రాయను. సంవత్సరం ప్లాను, డబ్బు ముందే కట్టాను. వాళ్ల కుర్రాడు వచ్చి గోడకి తెల్ల బాక్స్ బిగించి, అందులోంచి వైర్లు తిన్నగా రెండు సిస్టమ్‌లకీ పెట్టి, పెన్‌డ్రైవ్‌లోంచి ఒక లాగిన్ సాఫ్ట్‌వేర్ రెండింట్లోనూ ఎక్కించాడు. అది తెరిచి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొడితేనే నెట్ వస్తుంది. అదీ ఒకసారికి ఒక సిస్టమ్‌కే. రెండోదాంట్లో లాగిన్ అయితే మొదటిది పోతుంది.

మొదటి నెల సర్దుకుపోయాను. తర్వాత అరగంటకోసారి దానంతట అదే లాగౌట్ అవడం మొదలైంది. ఒకరోజు పొద్దున్న సిస్టమ్ ఆన్ చేస్తే "వెర్షన్ పాతది, అప్‌డేట్ చేయండి" అని వచ్చింది. అప్‌డేట్ దిగాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే అప్‌డేట్ కావాలి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి దింపాను. విసుగొచ్చి దాన్ని తీసేస్తే హాట్‌స్పాట్ పెట్టినా బ్రౌజర్ తెరుచుకోవడం మానేసింది. మళ్లీ ఎక్కిస్తే తప్ప రాలేదు.

ఇవన్నీ ఓర్చుకున్నాను గాని, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల రోజు జరిగింది మాత్రం నా వల్ల కాలేదు. మెంటాడ దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పాప కాలేజీలన్నీ నోట్‌బుక్కులో వరసగా రాసుకొచ్చింది. అరవై దాకా ఎక్కించాం. సేవ్ కొట్టే ముందు లాగౌట్. మళ్లీ మొదటి నుంచి, సగంలో మళ్లీ లాగౌట్. ఆఖరి బస్సు వెళ్లిపోతుందని ఆయన గుమ్మంలో నిలబడి రోడ్డు వైపే చూస్తున్నాడు. చివరికి నా ఫోను నెట్ మీద రెండో సిస్టమ్‌లో పూర్తి చేసి, మా తమ్ముడి బండి మీద ఇద్దరినీ ఊరికి దింపించాను. ఆ పాప మొహం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేయండి సార్" అంటారు. ఆ కుర్రాడు ఫోను ఎత్తడు. ఏటి చెయ్యాలో తెలీడం లేదు. ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా నెట్ వచ్చే దారి ఉందా? లైను మార్చాలంటే షాపు ఒక్క పూట కూడా ఆగకుండా ఎలగ? ఇంకా ఐదు నెలల డబ్బు వాళ్ల దగ్గరే ఉంది. తెలిసినవాళ్లు కాస్త బేగి చెప్పండి.

నాగావళి గట్టు:

అన్నయ్యా, నేను శ్రీకాకుళంలో ఆరేళ్లు ఫైబర్ స్ప్లైసింగ్ (ఫైబర్ వైర్లు అతికించే) పని చేశాను, ఇప్పుడు మానేశాను. మార్చే మాట తర్వాత. ముందు తప్పు లైనుదా, సాఫ్ట్‌వేర్‌దా తేల్చుకో. అది తేలకుండా కంపెనీ మారిస్తే కొత్త చోట కూడా ఇదే గోల రావచ్చు.

నెట్ పోయిన క్షణంలో ఆ తెల్ల బాక్స్ వైపు చూడు. పాన్ (PON) అని రాసిన లైటు పచ్చగా కదలకుండా ఉండి, లాస్ (LOS) అన్న ఎర్ర లైటు వెలగకపోతే బాక్స్ దాకా ఫైబర్ బాగానే ఉన్నట్టు. ఎర్రది వెలిగితే వైరు ఎక్కడో నలిగింది, లేకపోతే జాయింటు పోయింది, దానికి సాఫ్ట్‌వేర్‌ని అని లాభం లేదు. బాక్స్ సెట్టింగుల పేజీలోకి వెళ్లగలిగితే ఆర్ఎక్స్ పవర్ (Rx Power) అని ఒక అంకె ఉంటుంది, ఫైబర్‌లోంచి బాక్స్‌కి ఎంత వెలుతురు అందుతోందో అది చెప్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటితే ఆ లైను ఎప్పుడైనా పోతుంది.

నువ్వు చెప్పేదాన్ని బట్టి ఆ సాఫ్ట్‌వేర్ ఉత్త ముసుగు అనిపిస్తోంది. లోపల జరిగేది పీపీపీఓఈ (PPPoE) అనే, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైను తెరిచే మామూలు లాగినే అయి ఉంటుంది. దానికి వాళ్ల ప్రోగ్రామ్ అక్కర్లేదు, విండోస్‌లోనే ఉంది. ముందు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో లాగౌట్ అవ్వు. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌కి వెళ్లి కొత్త కనెక్షన్ పెట్టే చోట బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ ఎంచుకుని, అదే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టు. కనెక్ట్ అయితే నీ సగం బాధ తీరినట్టే. ఎర్రర్ 691 వస్తే అవతలి సర్వర్ దాకా వెళ్లావు కానీ అది లోపలికి రానివ్వలేదు: పాస్‌వర్డ్ తప్పు కావచ్చు, పాత సెషన్ ఇంకా తెరిచి ఉండవచ్చు. 651 వస్తే సర్వర్ దాకానే వెళ్లలేదు.

విండోస్‌లో కుదిరితే అవే వివరాలు ఒక మామూలు వైఫై రూటర్‌లో పెట్టు. రూటర్ లాగిన్ అయి కూర్చుంటుంది, దాని వెనక నీ రెండు సిస్టమ్‌లూ, ఫోనూ ఒకేసారి నడుస్తాయి. రూటర్‌లో ఎక్కకపోతే కంపెనీవాళ్లు నీ సిస్టమ్ మ్యాక్ అడ్రస్‌కి (నెట్ కార్డు గుర్తింపు నంబరుకి) లాక్ వేసి ఉంటారు. ఫోన్ చేసి "మ్యాక్ రిలీజ్ చేయండి" అని ఆ మాటే అడుగు. రీస్టార్ట్ గురించి మాట్లాడనివ్వకు.

ఇంకొకటి. కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని సగంలో తిరుగుతూ ఉండిపోతే రూటర్‌లో ఎంటీయూ (MTU, నెట్‌లో ఒకసారికి వెళ్లే డేటా ముక్క, అంటే ప్యాకెట్, ఎంత పెద్దది ఉండొచ్చన్న అంకె) 1492 పెట్టు. మామూలుగా ఒక ప్యాకెట్ 1500 బైట్లు, అందులో పీపీపీఓఈ 8 తినేస్తుంది. అప్లికేషన్ సైట్లలో ఫోటో అప్‌లోడ్ దగ్గర ఆగిపోవడం ఈ కారణంగా కూడా జరుగుతుంది.

బొబ్బిలి అమ్మాయి:

అన్నయ్య గారూ, నేను హైదరాబాద్‌లో సెక్యూరిటీ వైపు పని చేస్తాను. మీ పోస్టులో నన్ను భయపెట్టింది లాగౌట్ కాదు. తీసేసిన తర్వాత కూడా హాట్‌స్పాట్ మీద బ్రౌజర్ తెరుచుకోలేదన్నారు చూడండి, అది. అంటే ఆ ప్రోగ్రామ్ మీ సిస్టమ్‌లో ప్రాక్సీ, అంటే మీకూ నెట్‌కీ మధ్య ఒక దళారిని, పెట్టి ఉంటుంది. అలా అయితే మీ బ్రౌజర్ మాటలన్నీ దాని గుండా వెళ్తున్నట్టే. మీ సిస్టమ్‌లో ఎవరెవరి ఆధార్లు, మార్కుల లిస్టులు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ అవుతాయో, ఎవరి ఓటీపీలు కొడతారో ఒక్కసారి ఆలోచించండి. వాళ్లంతా మిమ్మల్ని నమ్మి ఇస్తున్నారు.

సాఫ్ట్‌వేర్ తీసేసి రీస్టార్ట్ చేశాక సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ప్రాక్సీ తెరవండి. మాన్యువల్ ప్రాక్సీ ఆన్‌లో ఉండి 127.0.0.1 కనిపిస్తే, అది మీ సిస్టమ్ చిరునామాయే. వినడానికి అక్కడ ప్రోగ్రామ్ లేదు కాబట్టి ఏ పేజీ రాదు. దాన్ని ఆఫ్ చేయండి. డీఎన్ఎస్ (సైటు పేరుని అంకెల చిరునామాగా మార్చే సెట్టింగు) కూడా చూడండి, ఏవో అంకెలు పెట్టి ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి. అప్పటికీ రాకపోతే కమాండ్ ప్రాంప్ట్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి netsh winsock reset అని కొట్టి రీస్టార్ట్ చేయండి.

తర్వాత రన్‌లో certmgr.msc కొట్టి తెరిచి, నమ్మకమైన రూట్ సర్టిఫికెట్ల (ఏ సైటు అసలైనదో సిస్టమ్ తేల్చుకునే గుర్తింపు పత్రాల) జాబితాలో ఆ కంపెనీ పేరుతోగానీ, ఆ సాఫ్ట్‌వేర్ పేరుతోగానీ ఏదైనా ఉందేమో వెతకండి. అలాంటి సర్టిఫికెట్టూ, ప్రాక్సీ రెండూ ఉంటే తాళం గుర్తు ఉన్న సైట్లలో కొట్టేవి కూడా మధ్యలో చదవొచ్చు. ఉంటే తీసేసి, ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోను నుంచి మార్చుకోండి. లేకపోతే చాలా మంచిది.

ఉద్దానం కొబ్బరితోట:

నేను సోంపేట దగ్గర ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను, నిరుడు లైను మార్చాను. మొబైల్ నంబరు పోర్టబిలిటీ 2011 జనవరిలో దేశమంతా వచ్చింది గాని బ్రాడ్‌బ్యాండ్‌కి అలాంటిది లేదు. కొత్తది తీసుకోవాలి, పాతది మూసేయాలి, అంతే. అందుకే పాతది ఉండగానే కొత్తది పెట్టించి కనీసం పదిహేను రోజులు రెండూ నడపండి. అదృష్టం కొద్దీ మీకు ఇంకా ఐదు నెలలుంది, పాతది మీకు కాపలా.

కొత్తవాళ్లని స్పీడు ఎంత అని అడిగితే పెద్ద అంకె చెప్తారు. అప్‌లోడ్ ఎంత, డేటా పరిమితి దాటాక ఎంతకి పడిపోతుంది, లాగిన్ రూటర్‌లోనా లేక సిస్టమ్‌లోనా, బాక్స్ సొంతమా అద్దెకా, చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా, ఇవి అడగండి. ఊళ్లో ఏ కంపెనీ పేరున్నా చివరికి మీ షాపుకి వచ్చేది చాలావరకు లోకల్ కేబుల్ ఆపరేటరే. ఆయన రాత్రి ఎనిమిదికి ఫోను ఎత్తుతాడా అన్నది మీ పక్క మెడికల్ షాపువాళ్లని అడిగితే తెలుస్తుంది.

ఇంకో సంగతి, మా దగ్గర కష్టపడి నేర్చుకున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోటల్తో పాటు కరెంటు స్తంభాలు కూడా పడిపోయాయి. మన వైపు చాలా ఫైబర్ ఆ స్తంభాల మీదే వేలాడుతుంది. రెండు కంపెనీల వైర్లు ఒకే స్తంభం మీద ఉంటే పోయేటప్పుడు రెండూ కలిసే పోతాయి. కాబట్టి రెండో ఆసరా ఇంకో వైరు కాదు, ఫోను సిమ్. కరెంటు పోయినప్పుడు బాక్స్‌కీ, రూటర్‌కీ ఒక చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకోండి, మాకది చాలా పనికొచ్చింది.

డబ్బు విషయానికి: నోటి మాట వద్దు. ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి, లాగౌట్ అయిన తేదీ, టైము స్క్రీన్‌షాట్లు దాచండి. తేలకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ కంపెనీలోనే అప్పీలు అధికారి ఉండాలి, అప్పీలు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోదు, అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. బాక్స్ తిరిగి ఇచ్చేటప్పుడు దాని సీరియల్ నంబరు ఫోటో, సంతకంతో రసీదు తప్పకుండా తీసుకోండి.

గజపతినగరం జిరాక్స్:

మీ అందరికీ దండాలు. ఇరవై రోజులైంది, జరిగింది చెప్తాను.

నాగావళి తమ్ముడు చెప్పినట్టే విండోస్‌లో పీపీపీఓఈ పెడితే మొదటి సారే కనెక్ట్ అయింది. ఏడు నెలలుగా ఆ సాఫ్ట్‌వేర్ అవసరమే లేదు! రూటర్‌లో మాత్రం ఎక్కలేదు. ఫోన్ చేసి మ్యాక్ రిలీజ్ అనగానే అవతలి అమ్మాయి ఇంకేమీ అడగకుండా పది నిమిషాల్లో చేసింది. ఆ అరగంట లాగౌట్లు పూర్తిగా పోయాయి. రెండు సిస్టమ్‌లూ కలిసి నడుస్తుంటే నాకు కొత్త షాపు తెరిచినట్టుంది.

కానీ రోజూ సాయంత్రం ఎర్ర లైటు ఒకటి రెండుసార్లు వెలుగుతోంది. బాక్స్‌లో అంకె చూస్తే మైనస్ 28. అంటే లైను కూడా బాగోలేదు. మూడు ఫిర్యాదులు, మూడు డాకెట్ నంబర్లు, ఎవరూ రాలేదు. మెడికల్ షాపాయన్ని అడిగి వాళ్ల ఆపరేటర్ దగ్గరే కొత్త లైను తీసుకున్నాను, ఈసారి నెలనెలా కట్టే ప్లాను. అంకె మైనస్ 19. పాతదానికి మిగిలిన నెలల డబ్బు ఇమ్మని మెయిల్ రాశాను, అప్పీలు కూడా వేశాను.

బొబ్బిలి అమ్మా, సర్టిఫికెట్ ఏదీ లేదు, చూసేదాకా రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మొదటి సిస్టమ్ శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో మాత్రం ప్రాక్సీ ఆఫ్ చేసినా, రీస్టార్ట్ చేస్తే ఆ 127 మళ్లీ వచ్చేస్తోంది. ఏటంటావు?

బొబ్బిలి అమ్మాయి:

సాఫ్ట్‌వేర్ పోయినా అది పెట్టిన టాస్క్ మిగిలి ఉంటుంది అన్నయ్య గారూ. టాస్క్ షెడ్యూలర్ తెరిచి, లాగిన్ అయినప్పుడు నడిచేవాటిలో ఆ పేరున్నది డిలీట్ చేయండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ కూడా చూడండి. ఆ తర్వాత ప్రాక్సీ ఆఫ్ చేసి రీస్టార్ట్ చేయండి.

గజపతినగరం జిరాక్స్:

షెడ్యూలర్‌లో ఉందమ్మా, అప్‌డేటర్ అని పేరు పెట్టుకుని. తీసేశాను. మూడుసార్లు రీస్టార్ట్ చేశాను, ప్రాక్సీ రాలేదు. ఇప్పుడు ఆ సిస్టమ్ మీద కూచుని ఒక పిల్లాడు స్కాలర్‌షిప్ ఫారం నింపుకుంటున్నాడు.