చాగోస్ దీవులు: మారిషస్‌కు అప్పగిస్తే బ్రిటన్ బాధ్యత తీరినట్టేనా?

కావలి చదువరి:
తీరినట్టేనని నా అభిప్రాయం. మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 1968లో. అంతకు మూడేళ్ల ముందే బ్రిటన్ హిందూ మహాసముద్రంలోని ఈ దీవులను దాని నుంచి విడదీసింది కనుక, ఆ దేశపు వలస విముక్తి చట్టబద్ధంగా పూర్తి కాలేదని, అక్కడి తన పాలనను బ్రిటన్ వీలైనంత త్వరగా ముగించాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో సలహా అభిప్రాయం ఇచ్చింది. 2025 మే 22న కుదిరిన ఒప్పందం దీవులపై సార్వభౌమత్వం మారిషస్‌దేనని అంగీకరించింది. వాటిలో పెద్దదైన డియెగో గార్సియా దీవిలో బ్రిటన్, అమెరికాల సైనిక స్థావరం కొనసాగడానికి 99 ఏళ్ల గడువు పెట్టుకున్నారు. అది రెండు దేశాల ఇష్టం.

ఒంగోలు న్యాయవాది:
అదే అభిప్రాయంలో, చాగోస్ మూలాలున్న వారి పునరావాసం మానవ హక్కుల విషయమని, వలస విముక్తిని పూర్తిచేసే క్రమంలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని పట్టించుకోవాలని కూడా ఉందండి. కొబ్బరి తోటల్లో పనిచేస్తూ తరతరాలుగా అక్కడే బతికిన వారిని ఆ స్థావరం కోసం 1973 నాటికి పూర్తిగా ఖాళీ చేయించారు. కొత్త ఒప్పందం ఏం చెబుతోంది? డియెగో గార్సియా కాక మిగిలిన దీవుల్లో మారిషస్ పునరావాసం చేపట్టవచ్చునంటుంది. చేపట్టి తీరాలని అనదు. వారి కోసం 4 కోట్ల పౌండ్ల నిధి ఉంది, కానీ సొంత ఊరికి తిరిగి వెళ్లే హక్కు లేదు.

పాలించేవారికి అక్కడి ప్రజల ప్రయోజనాలే అన్నిటికన్నా ముఖ్యమని ఐక్యరాజ్యసమితి చార్టర్ 73వ అధికరణం చెబుతుంది. మన యానాం సంగతే చూడండి. ఫ్రాన్స్‌తో 1956లో కుదిరిన ఒప్పందం అక్కడివారికి, అది అమల్లోకి వచ్చిన ఆరు నెలల్లో లిఖితపూర్వకంగా కోరుకుంటే, ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకునే వీలిచ్చింది. పాలనా ప్రతిపత్తిని మార్చాలన్నా ముందు ప్రజల ఇష్టం తెలుసుకోవాలని రాసుకున్నారు. పేరుకు రెండు ప్రభుత్వాల పత్రమే అయినా, ఊళ్లో ఉండే మనిషికి అందులో చోటు దక్కింది.

కావలి చదువరి:
యానాం పోలిక ఇక్కడ కుదరదండి. వలస దేశాన్ని ముక్కలు చేయడం చార్టర్‌కు విరుద్ధమని 1960 నాటి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1514వ తీర్మానం స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు దీవులవాసులను విడిగా అడిగి, వారు బ్రిటన్ కిందే ఉంటామంటే, 1965లో జరిగిన అన్యాయానికి మనమే ఆమోదముద్ర వేసినట్టవుతుంది. నిర్ణయాధికారం మారిషస్ ప్రజలందరిదీ.

నెల్లూరు నుంచి:
మా జిల్లావాళ్లకు ఇది కొత్త కథ కాదు. శ్రీహరికోట అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. రాకెట్ కేంద్రం కోసం అక్కడి అడవిని నమ్ముకుని బతికిన యానాదులను తరలించారు. దేశానికి ఆ కేంద్రం అవసరమేనని నేనూ నమ్ముతాను. అయినా దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికిన మనిషికి ఇంకోచోట ఇల్లు కట్టిస్తే ఆ బతుకు తిరిగి రాదు.

ఒంగోలు న్యాయవాది:
కావలివారు రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తున్నారు. దీవులు ఏ దేశానివన్నది ఒక ప్రశ్న. దానికి జవాబు మారిషస్ అనే నేనూ అంటాను. తరిమివేతకు గురైనవారు తిరిగి వెళ్లవచ్చా అన్నది వేరే ప్రశ్న. వారిని తరిమింది బ్రిటన్; ఆ బాధ్యతను మారిషస్ ఇష్టానికి వదిలేసి తాను తప్పుకోవడం కుదరదు. తిరిగి వెళ్లే హక్కును, దానికయ్యే ఖర్చును, గడువును ఒప్పందంలోనే రాసి ఉండాల్సింది.