బంకమట్టిలో గుంజ నిలవడం లేదు, ఏం చేయాలి?

ఇంగ్లండ్‌లోని కెంట్‌లో పొలాల కాలిబాటలు బాగుచేసే వాలంటీర్లం. నడిచేవాళ్లు కంచె దాటడానికి వేసే చెక్కమెట్టును ఇక్కడ స్టైల్ అంటారు (సోకుకు సంబంధం లేదు). అలాంటి ఒకదాని మెట్టును మోసే ఓక్ గుంజ ఏడాదిలో మూడోసారి వదులైంది.

గుంజ 10 సెంటీమీటర్ల చదరం, 60 సెంటీమీటర్ల లోతున పాతాం. నేల బంకమట్టి. చలికాలమంతా నీరు నిలుస్తుంది, వేసవిలో నెర్రెలు విచ్చి గుంజ చుట్టూ వేలు దూరేంత సందు ఏర్పడుతుంది. మొదట తవ్విన మట్టే పోసి దిమ్మిస కొట్టాం, రెండు నెలలు ఆగింది. తర్వాత కాంక్రీటు పోశాం. ఇప్పుడు కాలు పెడితే ఆ ముద్దతో సహా కదిలిన పన్నులా ఊగుతోంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం, కర్ర కుళ్లలేదు.

కాంక్రీటు తీసేసి, 90 సెంటీమీటర్లు దించి, చుట్టూ కంకర పోసి దిమ్మిస కొడితే ఇలాంటి నేలలో గుంజ నిలుస్తుందా?