‘పోలికనుండు’నా, ‘పోలికనుండ’నా?

బ్రాడీపేట, గుంటూరు: సోమవారం నుంచి ఆరో తరగతికి సైన్సు చెప్పబోతున్నాను, ఇదే మొదటిసారి. మొదటి పాఠం పదార్థాలు, వాటి గుణాలు. రెండు గ్లాసుల నీళ్లు, చిటికెడు ఉప్పు, చిటికెడు నలిపిన కర్పూరం, బోర్డు మీద వేమన పద్యం పెట్టుకుని మొదలుపెడదామనుకున్నాను. తీరా రాసుకోబోతే మొదటి పాదం చివర ఆగిపోయాను. పుస్తకాల్లో ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ అని ఉంది. మా అమ్మమ్మ ‘పోలికనుండ’ అనేది. పిల్లలకు తప్పు నేర్పకూడదు కదా, ఏది సరైనదండీ?

సత్యనారాయణపురం, విజయవాడ: ‘నుండు’. ‘లికనుండు’ సలము, అంటే రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు; గణం చక్కగా కుదిరింది.

తెనాలి: ‘లికనుండ’ కూడా సలమే కదండీ! ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు, అర్థమే చెప్పాలి. ‘నుండు’ అంటే వాక్యం అక్కడే ఆగిపోతుంది. ‘నుండ’ అంటే పైకి ఒకేలా ఉండగానే చూడగా చూడగా తేడా బయటపడుతుందని రెండు పాదాలూ ఒకే ఊపులో నడుస్తాయి. నా ఓటు అమ్మమ్మగారికి. ఛందస్సు తేల్చేది ‘కప్పురం’ సంగతి. ‘కర్పూరంబు’ అని రాస్తే రెండో గణం విరిగిపోతుంది.

సత్యనారాయణపురం: అది ప్రాకృతం ‘కప్పూర’ నుంచి వచ్చిన తద్భవం, ఛందస్సు కోసం వంచింది కాదు. సరే, రెండో పాదం ‘చూడ చూడ రుచుల జాడ వేరు’లో చూ–జా యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో జత, ఎలా కుదిరిందో చెప్పండి మరి.

తెనాలి: చూడ–జాడ, మొదటి అక్షరాల బదులు రెండో అక్షరం ‘డ’ కలిసింది, ప్రాసయతి. ఆటవెలదికి చెల్లుతుంది.

పటమట: మీరు యతి దగ్గరే ఉన్నారు. ‘చూడ చూడ’ అంటే కంటితో చూడటమా? కూర రుచి చూస్తాం కదా, ఇదీ ఆ చూడటమే. లేకపోతే ‘రుచుల’ జాడ ఎలా తెలుస్తుంది?

తెనాలి: సంస్కృతంలో రుచి అంటే కాంతి కూడానండీ. ఉప్పు పలుకు చదరంగా, అంచులు తేలి తళుక్కుమంటుంది. కర్పూరానిది మైనం లాంటి మసక మెరుపు. కంటితోనే తెలుస్తుంది.

పటమట: పశువుల కాపరికి కూడా అర్థమయ్యేలా చెప్పిన కవి ఆయన. అమరకోశం తిరగేస్తే గానీ తెలియని అర్థం పెట్టడు.

మంగళగిరి, రిటైర్డ్ సైన్సు మాస్టారు: అమ్మా, అర్థం ఏదైనా తరగతిలో ఎవరూ నోట్లో పెట్టుకోకుండా చూడు. హారతి కర్పూరం మింగితే పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఉప్పు నీళ్లలో కరుగుతుంది. కర్పూరం దాదాపు కరగదు, పైన తేలుతూ ఆ రవ్వలు వాటంతటవే గిరగిరా తిరుగుతాయి. గ్లాసుకు నూనె గానీ సబ్బు గానీ ఏమాత్రం అంటినా కదలవు, అందుకని ముందురోజు అవే గ్లాసులతో ఇంట్లో ఒకసారి చేసి చూసుకో. ఎందుకు తిరుగుతున్నాయని తప్పకుండా అడుగుతారు, తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, గురించి రెండు మాటలు సిద్ధం చేసుకో. పద్యం ముందు రాయకు. తేడాలన్నీ వాళ్లతోనే చెప్పించి అప్పుడు రాయి. టెన్షన్ పడకు, పిల్లలు నీ వైపు చూడరు, గ్లాసు వైపు చూస్తారు.

బ్రాడీపేట: చాలా థ్యాంక్స్ మాస్టారూ, పద్యం చివర్లోనే రాస్తాను. డు రాయనా, డ రాయనా?

సత్యనారాయణపురం: డు. బ్రౌన్ దొర తాళపత్రాలు పోగుచేసి 1829లో అచ్చు వేయించే దాకా ఈ పద్యాలు తాటాకుల్లోనూ జనం నోళ్లలోనూ బతికాయి. పాఠాంతరాలు ఉంటాయి, కాదనను. కానీ ‘నుండ’ అని రాతప్రతిలో చూసినవారుంటే ఫోటో పెట్టండి, అప్పుడు ఒప్పుకుంటాను.

తెనాలి: నోటి మీద బతికిన పద్యానికి అమ్మమ్మ నోరు సాక్ష్యం కాదా? అమ్మా, మూడో పాదం సంగతి కూడా చూసుకోండి. ‘పురుషులందు’ అంటే మగపిల్లల గురించేనా అని ఆడపిల్లలు అడుగుతారు. పురుషుడంటే ఇక్కడ మనిషి.

పటమట: మనిషి అని ఏ నిఘంటువులో ఉందండీ?