పాలమూరు ఎండలో ఎగిరినవారికి కొండ మీది విమానాశ్రయం కొత్తదా?

పాలమూరు చెలక:
మా మేనల్లుడు బేగంపేటలో సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం మీద నడపడం నేర్చుకుని, ఇప్పుడు చదువు కోసం కొలరాడోలో ఉంటూ, అక్కడి లైసెన్సు కూడా తీసుకున్నాడు. వచ్చే జూలైలో ఇద్దరు మిత్రులను ఎక్కించుకుని, అద్దెకు తీసుకున్న 172ఎస్ విమానంలో అక్కడి కొండల్లోని లెడ్‌విల్ ఊరికి వెళ్లిరావాలని అతని కోరిక. ఆ విమానాశ్రయం సముద్రమట్టానికి 9,934 అడుగుల ఎత్తున ఉన్నది. ఉత్తర అమెరికాలో అంతకంటే ఎత్తైనది లేదు. కొండల్లో ఎగరడం నేర్పే శిక్షకుడితో ముందు ఒకసారి వెళ్లిరమ్మని నేనంటే, "మే నెల ఎండల ఎగిరినోణ్ని మామా, పలుచని గాలి నాకు కొత్తనా?" అని ఎదురు ప్రశ్న వేస్తున్నాడు. అతని మాటలో నిజమెంత?

నల్లగొండ గుట్ట:
ఆ మాటను తీసిపారేయకండి. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, అక్కడి నుంచి ప్రతి 1,000 అడుగులకు 2 డిగ్రీలు తక్కువ అన్నది ప్రామాణిక వాతావరణపు లెక్క. ఆ ప్రకారం 1,742 అడుగుల ఎత్తున ఉన్న బేగంపేటలో 11.5 డిగ్రీలు ఉండాలి. వేడికి గాలి పలుచబడుతుంది కనుక, మే మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, ఎక్కువైన ప్రతి డిగ్రీకి సుమారు 120 అడుగులు కలపగా, ఇంజనుకూ రెక్కకూ తెలిసే ఎత్తు, అంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్, 5,400 అడుగులకు చేరుతుంది. డెన్వర్ నగరం ఎత్తే 5,280 అడుగులు. విమానంతో వచ్చే పుస్తకంలోని పట్టికలు చూసి లెక్క వేసుకోవడం తెలిసినవాడికి శిక్షకుడి ఖర్చు ఎందుకన్నది నా ప్రశ్న.

దేవరకొండ కోట:
గుట్ట గారి లెక్క తప్పు కాదు, కానీ అది సగంలో ఆగిపోయింది. అదే సూత్రాన్ని లెడ్‌విల్‌కు వర్తింపజేయండి. అక్కడ ప్రామాణిక ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 5 డిగ్రీలు దిగువన ఉంటుంది. మనకు చల్లగా తోచే 25 డిగ్రీల రోజున కూడా డెన్సిటీ ఆల్టిట్యూడ్ 13,500 అడుగులవుతుంది. 172ఎస్ సర్వీస్ సీలింగ్ 14,000 అడుగులు, అంటే పూర్తి బరువుతో నిమిషానికి 100 అడుగులకు మించి ఎక్కలేని ఎత్తు. మీ అబ్బాయి నేల మీద చక్రాలు ఆనించి ఉండగానే ఆ గీతకు 500 అడుగుల దగ్గరలో ఉంటాడు. టర్బో లేని ఇంజను ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది కనుక, 180 హార్స్‌పవర్‌లో అతని చేతికి మిగిలేది 110కి అటూ ఇటూ.

ఇక చేతి అలవాటు సంగతి. తక్కువ ఎత్తున నేర్చుకున్నవాడు టేకాఫ్‌కు ముందు, ల్యాండింగ్‌కు ముందు గాలిలో కలిసే పెట్రోలు పాళ్లను సరిచేసే ఎర్ర మిక్స్చర్ నాబ్‌ను అలవాటుగా పూర్తిగా లోపలికి నొక్కుతాడు. లెడ్‌విల్‌లో అలా నొక్కితే పలుచని గాలికి పెట్రోలు ఎక్కువై ఇంజను ఉన్న శక్తినీ ఇవ్వదు. రన్‌వే చివర బ్రేకులు పట్టి, థ్రాటిల్ పూర్తిగా ఇచ్చి, ఆ నాబ్‌ను కొద్దికొద్దిగా బయటికి లాగుతుంటే ఆర్‌పీఎం, అంటే ఇంజను తిరిగే వేగం, పెరుగుతూ పోయి ఒకచోట తగ్గనారంభిస్తుంది. అప్పుడు కొంచెం లోపలికి జరిపి అక్కడ వదిలేయాలి. దిగేటప్పుడు కంటికి మరో మోసం ఎదురవుతుంది. మీటరు 60 నాట్లు చూపుతుంటే విమానం నిజానికి 74 నాట్ల దాకా పోతుంటుంది. నేల జోరుగా వెనక్కి పోతున్నదని భ్రమపడి ముక్కు పైకెత్తితే స్టాల్ అవుతుంది, అంటే రెక్క విమానాన్ని మోయలేకపోతుంది. ఇది పట్టికల్లో కనిపించదు, పక్కన కూర్చున్నవాడు మోచేతితో పొడిస్తేనే తెలుస్తుంది.

నల్లగొండ గుట్ట:
మిక్స్చర్ విషయంలో నాదే తొందరపాటని ఒప్పుకుంటాను. అయినా ప్రాణం కాపాడేవి బరువూ వేళా అనే నా మాట మీదనే ఉన్నాను. బరువు 10 శాతం పెరిగితే టేకాఫ్ దూరం సుమారు 20 శాతం పెరుగుతుంది. లేహ్‌లో పౌర విమానాలు ఎక్కువగా పొద్దున పూటే రావడానికి కారణం కూడా మధ్యాహ్నపు వేడీ గాలీయే. తెల్లవారగానే, ఒక్క మిత్రుడితో పోతే చాలు. లెడ్‌విల్ రన్‌వే 6,400 అడుగులున్నది. అందులో సగం దాటేసరికి లేచే వేగంలో 70 శాతం అందకపోతే థ్రాటిల్ మూసి ఆగిపోవాలి. ఈ నియమం పాటించడానికి శిక్షకుడు అక్కర్లేదు.

వనపర్తి వాసి:
ఆక్సిజన్ మాట ఎవరూ ఎత్తలేదు. అమెరికా నిబంధన ప్రకారం 12,500 నుంచి 14,000 అడుగుల మధ్య అరగంట దాటితే పైలట్ ఆక్సిజన్ తీసుకోవాలి. అక్కడి కొండలు దాటేటప్పుడు ఆ ఎత్తులోకి వెళ్లవలసి రావచ్చు.

దేవరకొండ కోట:
గుట్ట గారూ, రన్‌వే దాటిన తరువాత ఏమిటి? మన దగ్గర ఇంజను బలహీనపడితే కిందంతా చెలకలే, ఎటు తిరిగినా దిగడానికి చోటుంటుంది. అక్కడ లోయలో విమానం ఎక్కే వేగం కంటే గాలి కిందికి దిగే వేగం ఎక్కువ కావచ్చు. అందుకే గట్టును ఎదురుగా కాక 45 డిగ్రీల వాలుగా దాటమంటారు, వెనక్కి తిరగడం తేలికవుతుంది. లోయ మధ్యలో పోతే ఎటు తిరగడానికైనా సగం చోటే మిగులుతుంది కనుక ఒక పక్కగా పొమ్మంటారు. పాలమూరు ఎండ నేర్పని పాఠం ఇది.

పాలమూరు చెలక:
నిన్న రాత్రి ఫోన్లో ఇదంతా చదివి వినిపించాను. 13,500 దగ్గర కొంతసేపు మాట్లాడలేదు. శిక్షకుడితో ఒక రోజు వెళ్లడానికి ఒప్పుకున్నాడు, కానీ ఇద్దరు మిత్రులనూ వదలనంటున్నాడు. ట్యాంకులు సగమే నింపుకుంటే 70 కిలోలు తగ్గుతాయన్నది అతని వాదన. ఆ లెక్క సరిపోతుందా?

దేవరకొండ కోట:
బరువు వరకు సరిపోతుంది. అయితే లెడ్‌విల్‌లో దిగడం కుదరక వెనుదిరగవలసి వస్తే ఆ సగం పెట్రోలుతో ఎక్కడిదాకా రాగలడో ముందు అడగండి.