అకౌంట్స్ ఉద్యోగం వదిలి ఎన్జీవోలో చేరదామనుకుంటున్నా. హైదరాబాద్‌లో పరిస్థితి ఎలా ఉంది?

మౌలాలి కుర్రాడు:

అందరికీ నమస్తే. నాకు 26 ఏళ్లు. బీకాం కంప్యూటర్స్ చదివాను. బాలానగర్‌లో ఒక హార్డ్‌వేర్ డీలర్ దగ్గర నాలుగేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నా. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు రీకన్సిలియేషన్, పార్టీల దగ్గర బాకీలకు ఫోన్లు చేయడం, అన్నీ నేనే. చేతికి 27 వేలు వస్తాయి.

ఏడాది నుంచి ఆదివారాలు మా ఇంటి దగ్గర బస్తీలో పిల్లలకి లెక్కలు చెబుతున్నా. ఒక ఎన్జీవో వాళ్లు నడిపే సెంటర్ అది. వారమంతా చేసే పని కన్నా ఆ రెండు గంటలే బాగుంటున్నాయి. ఇదే ఉద్యోగంగా చేసుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచన.

ఇంట్లో చెప్పాను. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు, ఆయన ఏమీ అనలేదు. అమ్మ మాత్రం "సేవ చేసేటోళ్లకు జీతమెవరిస్తరు బిడ్డా, పిల్లనెవరిస్తరు" అంది. రెండోది వదిలేయండి, మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు.

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) లేకుండా తీసుకుంటారా? ఏది మంచి సంస్థో, ఏది కాదో ఎలా తెలుస్తుంది? ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

చిక్కడపల్లి చారి:

బ్రదర్, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వు. గవర్నమెంట్ ఉద్యోగంలో కూర్చుని ఆదివారం సేవ చేస్కో. నా మాట విను.

వోచరమ్మ:

చారిగారూ, నోటిఫికేషన్ వచ్చేదాకా ఆ అబ్బాయి బియ్యం ఎవరు కొంటారు?

తమ్ముడూ, నేను తార్నాకలో ఒక మధ్యస్థాయి సంస్థలో అకౌంట్స్, అడ్మిన్ చూస్తాను. ఫీల్డ్ పిల్లలు నాకు పెట్టిన పేరే పైన చూస్తున్నావు. పెళ్లికి ముందు చేరాను, ఇప్పుడు మా పెద్దమ్మాయి ఇంజనీరింగ్ ఫైనలియర్.

మీ అమ్మగారు అడిగిందే అసలు ప్రశ్న. ఇంటర్వ్యూలో నువ్వు అడగాల్సిందీ అదే. నీ జీతం ఆఫీసు బోర్డు మీద పేరున్న సంస్థ ఇస్తుందనుకుంటావు. నిజానికి అది ఎవరో దాత ఒప్పుకున్న ఒక ప్రాజెక్టు బడ్జెట్‌లో ఒక లైను. "అకౌంటెంట్, ఒకరు, 50 శాతం సమయం, 12 నెలలు" అని ఉంటుంది. మిగతా 50 శాతం ఇంకో దాత బడ్జెట్‌లోంచి రావాలి. నా జీతమే ఇప్పుడు మూడు ముక్కలుగా మూడు ప్రాజెక్టుల్లో కూర్చుని ఉంది. అందులో ఒకటి వచ్చే మార్చితో అయిపోతుంది, దాని గురించి మా డైరెక్టర్‌గారు ఇప్పటినుంచే ప్రపోజల్స్ రాస్తున్నారు.

కాబట్టి అడుగు: ఈ పోస్టు ఏ గ్రాంటు కింద ఉంది? ఆ గ్రాంటు ఎప్పటిదాకా? అయిపోయాక ఏమనుకుంటున్నారు? మొహమాటపడకు. మంచి సంస్థ వాళ్లు సూటిగా చెబుతారు. "అదంతా మేం చూసుకుంటాం లెండి" అన్నారంటే వాళ్లకే తెలియదన్నమాట.

డబ్బు ఏ దారిలో వస్తుందో కూడా తెలుసుకో, ఉద్యోగం ఎంత గట్టిదో దాన్నిబట్టే ఉంటుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎక్కువగా వినబడేది సీఎస్సార్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చుపెట్టే డబ్బు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. చాలా కంపెనీలు ఏడాదికోసారి ఒప్పందం రాసుకుంటాయి. కొన్ని మాత్రం బహుళ సంవత్సరాల ప్రాజెక్టుగా తీసుకుంటాయి, అదీ మొదలుపెట్టిన సంవత్సరం కాక ఇంకో మూడేళ్లు మించకూడదు. ఈ డబ్బుతో వచ్చే ఉద్యోగాలు ఏప్రిల్ తర్వాత పుడతాయి, మార్చిలో ఊగుతాయి.

రెండోది విదేశీ నిధులు. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, అయిదేళ్లకోసారి రెన్యువల్. 2020లో సవరణ వచ్చాక పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. ఆఫీసు స్టాఫ్ జీతాలు చాలావరకు ఆ పరిపాలనా ఖర్చులోకే వస్తాయి. అంటే నీలాంటి, నాలాంటి వాళ్లవి. డబ్బు కూడా ముందు ఢిల్లీలో సంసద్ మార్గ్ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. మేం ఉండేది తార్నాకలో, పాస్‌బుక్ ఉండేది ఢిల్లీలో.

మూడోది మామూలు జనం ఇచ్చే చందాలు. అన్నింటికంటే స్వేచ్ఛ ఉన్న డబ్బు ఇదే, అన్నింటికంటే తక్కువ వచ్చేదీ ఇదే.

ఇక ఆఫర్ లెటర్. అందులో "కన్సల్టెంట్" అని ఉందా, "ఉద్యోగి" అని ఉందా చూడు. ఈ రంగంలో జనం దీని దగ్గరే బోల్తా పడతారు. కన్సల్టెంట్ అంటే 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు, పీఎఫ్ ఉండదు, సెలవులకు డబ్బు ఉండదు, పని మాత్రం తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా అందరితో సమానం. రిటర్న్ వేస్తే టీడీఎస్ వెనక్కి వస్తుంది, పీఎఫ్ రాదు. 20 మంది ఉద్యోగులున్న సంస్థకి పీఎఫ్ తప్పనిసరి, అందుకే కొన్నిచోట్ల 14 మంది ఉద్యోగులు, 30 మంది కన్సల్టెంట్లు కనిపిస్తారు. నాకు తెలిసినంతలో నీ అనుభవానికి చిన్న సంస్థలు ఇప్పుడొచ్చేదానికన్నా కొంచెం తక్కువ ఇస్తాయి, పెద్దవి కొంచెం ఎక్కువ ఇస్తాయి. పెంపు మాత్రం ఎక్కడైనా నత్తనడకే.

ఎంఎస్‌డబ్ల్యూ నీకు అక్కర్లేదు. కౌన్సెలర్, చైల్డ్ ప్రొటెక్షన్, కేస్ వర్కర్ పోస్టులకి అడుగుతారు. ఉస్మానియాలో, గచ్చిబౌలి రోడా మిస్త్రీ కాలేజీలో, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్‌లో చదివినవాళ్లు వాటికి పోటీపడతారు. అకౌంట్స్ తెలిసినవాళ్లకి మాత్రం ఇక్కడ ఎప్పుడూ కరువే. సేవ చేద్దామని వచ్చేవాళ్లు బోలెడుమంది, వోచర్ రాయమంటే మాయమవుతారు.

నీ పని ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతా. వికారాబాద్ వైపు ఊళ్లో నలభైమంది మహిళలతో మీటింగ్ పెడతారు. భోజనాలు అక్కడి కిరాణా కొట్టాయన చేయించిపెడతాడు. బిల్లు అడిగితే పిల్లల నోట్‌బుక్కులోంచి కాగితం చించి "భోజనం 40, టీ 80, మొత్తం 5,600" అని రాసి సంతకం పెడతాడు. ఆయనకి జీఎస్టీ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఆ కాగితం హైదరాబాద్ చేరేసరికి సగం పసుపు మరకలు. ఇక్కడ దాత తరఫు ఆడిటర్ "ప్రింటెడ్ బిల్లు ఏదీ" అంటాడు. నువ్వు దానికి వోచర్ కట్టి, 5 వేలు దాటింది కాబట్టి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకుని, హాజరు పట్టీ జతచేయాలి. పట్టీలో 38 వేలిముద్రలే ఉంటే మిగతా రెండు భోజనాలు ఎవరు తిన్నారని అడుగుతాడు. డ్రైవరు, మన కోఆర్డినేటరు తిన్నారు. అది కూడా రాసి ఉండాలి. హార్డ్‌వేర్ డీలర్ దగ్గర నీకు ఈ గొడవ లేదు, అక్కడ డబ్బు ఓనర్‌ది. ఇక్కడ ప్రతి రూపాయీ ఇంకొకరిది, దేనికోసం ఇచ్చారో దానికే పోవాలి.

మంచి సంస్థ ఏదో కనుక్కోవడానికి: ఎన్జీవోలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో పేరు వెతుకు. వార్షిక నివేదిక, ఆడిట్ చేసిన లెక్కలు వెబ్‌సైట్‌లో పెట్టారా, కనీసం అడిగితే ఇస్తారా చూడు. బోర్డులో భర్త, భార్య, బావమరిది తప్ప ఇంకెవరూ లేకపోతే లేచి వచ్చెయ్. ఉద్యోగం ఇస్తామని నీ దగ్గరే డబ్బు అడిగితే కూర్చోనే వద్దు. ఇంకోటి, అమీర్‌పేట వైపు "ఎన్జీవోలో జాబ్, ఫ్రెషర్స్ ఓకే" అని కనిపించేవాటిలో చాలా వరకు మాల్స్ దగ్గర, మెట్రో స్టేషన్ల దగ్గర ప్యాడ్ పట్టుకుని చందాలు అడిగే పని. తప్పుడు పనేం కాదు, కానీ నెలవారీ టార్గెట్ ఉంటుంది, అది సేల్స్ ఉద్యోగం. తెలిసే చేరు.

పాత కోఆర్డినేటర్:

అక్క చెప్పిన 2020 సవరణ గురించి నేనొకటి కలుపుతా, ఎందుకంటే నా ఉద్యోగం పోయింది దానివల్లే. మాది చిన్న సంస్థ, పేరు వద్దు. ఢిల్లీలోని ఒక పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్లోంచి మాకు కొంత ఇచ్చేది. ఆ సవరణతో ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదని వచ్చింది. ఇద్దరికీ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. సెప్టెంబర్‌లో చట్టం మారింది, దసరా నాటికి మా ప్రాజెక్టు ఆగిపోయింది. అసలే కరోనా రోజులు. మేం తిరిగే బస్తీల్లో పిల్లలు బడి మానేసి పనుల్లోకి పోతున్న సమయం, సరిగ్గా అప్పుడే మేం వెళ్లడం ఆపేశాం. రెండు నెలల జీతం ఇప్పటికీ రాలేదు.

అయినా రంగం వదల్లేదు. ఇప్పుడు వేరే సంస్థలో పిల్లల చదువుల మీదే పనిచేస్తున్నా. పాత రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ బాలకార్మికుల్ని బడికి పంపిన పద్ధతి చూసే నేను ఇటు వచ్చాను. దాన్ని నడిపిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, అది అందరికీ తెలుసు. నన్ను లాగింది మాత్రం అక్కడ ఊళ్లలో ఇంటింటికీ తిరిగిన మామూలు యువకులు. పెద్ద డిగ్రీలేం లేవు వాళ్లకి. ఏ ఇంట్లో ఏ పిల్ల ఎందుకు బడికి రావట్లేదో నోటికి చెప్పేవాళ్లు.

మౌలాలి కుర్రాడు:

వోచరమ్మ అక్కా, అన్నా, చాలా థాంక్స్. అమ్మకి మొత్తం చదివి వినిపించాను. "38 వేలిముద్రలు" దగ్గర నవ్వింది.

కానీ అక్కా, నాకు పిల్లలతో పని ఇష్టమై ఇటు వద్దామనుకున్నా. మళ్లీ ట్యాలీ ముందే కూర్చోవాలంటే బాలానగర్‌కి, తార్నాకకి తేడా ఏముంది? బస్సు దూరం తగ్గుతుంది, అంతేనా?

వోచరమ్మ:

సరైన ప్రశ్న. నేను తీయగా చెప్పను. పెద్ద సంస్థలో అకౌంటెంట్‌గా చేరితే అకౌంటెంట్‌గానే ఉంటావు. పదిహేను ఇరవైమంది ఉండే సంస్థలో అయితే గీతలు అంత గట్టిగా ఉండవు. మా దగ్గర నాతోపాటు లెక్కలు రాసిన అమ్మాయి బిల్లులు సరిచూడటానికి ఫీల్డ్‌కి వెళ్లి వెళ్లి, ఇప్పుడు మా సెంటర్లన్నీ తనే చూస్తోంది. జీతం పెద్దగా పెరగలేదు, ఎండకి తిరగడం పెరిగింది. తను మాత్రం మళ్లీ నా పక్క కుర్చీకి రానంటోంది.

నీకు క్లాస్‌రూమే కావాలంటే దారి వేరే. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ హైదరాబాద్‌లో ఉంది, రెండేళ్లు పూర్తిగా తక్కువ ఆదాయం ఉన్న పిల్లల స్కూళ్లలో పాఠం చెప్పాలి. ఇంగ్లిష్‌లో చెప్పాలి, సెలక్షన్ గట్టిగానే ఉంటుంది. పల్లెలు చూడాలంటే ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఉంది, 13 నెలలు, 21 నుంచి 32 ఏళ్ల లోపు డిగ్రీ ఉన్నవాళ్లకి. రెంటిలోనూ స్టైఫండ్ ఇస్తారు. ఇంట్లో నీ జీతం మీద ఆధారపడే ఖర్చులేమున్నాయో లెక్కవేసుకుని దూకు. నాన్నగారి పెన్షన్ ఎంతో నాకు తెలియదు కదా.

ముందు ఇంకో పని చెయ్యి. నువ్వు ఆదివారాలు వెళ్లే సెంటర్ వాళ్లనే అడుగు, శనివారం సాయంత్రాలు వాళ్ల లెక్కలు చూసిపెడతానని. ఎగిరి గంతేస్తారు. రెండు నెలల్లో ఆ సంస్థ లోపలి సంగతి నీకు, నీ సంగతి వాళ్లకి తెలిసిపోతుంది. ఈ రంగంలో సగం ఉద్యోగాలు పేపర్లో పడవు, ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసి "ఎవరైనా ఉన్నారా" అని అడిగితే భర్తీ అయిపోతాయి. పేపర్లో పడేవాటి కోసం డెవ్‌నెట్ జాబ్స్ వెబ్‌సైట్ చూస్తూ ఉండు.

గచ్చిబౌలి సీఎస్సార్:

నేను అవతలి వైపు మనిషిని, ఒక కంపెనీ సీఎస్సార్ టీంలో ఉన్నా. మా దగ్గరికి వచ్చే సంస్థల్లో పని అద్భుతంగా చేసి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం) టైముకి ఇవ్వలేక తర్వాతి విడత ఆగిపోయినవాళ్లు చాలామంది. తమ్ముడిలాంటి మనిషి ఒకడుంటే ఆ సంస్థ నిలబడుతుంది. కార్పొరేట్ సీఎస్సార్ టీంలో నేరుగా చేరాలనుకోకు, మా టీం మొత్తం ముగ్గురమే.

మౌలాలి కుర్రాడు:

సెంటర్ మేడంకి ఫోన్ చేశా. శనివారం రమ్మన్నారు, బిల్లులు ఒక అట్టపెట్టెలో ఉన్నాయట.

ఆఖరి ప్రశ్న. మా ఓనర్‌కి ఎప్పుడు చెప్పమంటారు? రెజ్యూమెలో ఏం మార్చాలి?

వోచరమ్మ:

అట్టపెట్టె అన్నారంటే నిజం చెప్పే మనుషులే.

ఓనర్‌కి ఇప్పుడే చెప్పకు. ఇయర్ ఎండింగ్ పని పూర్తిచేసి, పుస్తకాలు ఆడిటర్‌కి అప్పగించాక చెప్పు. మేం కొత్త మనిషిని తీసుకునే ముందు పాత ఓనర్‌కి తప్పకుండా ఫోన్ చేస్తాం, మార్చిలో వదిలేసిపోయాడని వింటే వెనకాడతాం. రెజ్యూమెలో "సమాజానికి ఏదైనా చేయాలన్న తపన" అన్న వాక్యం తీసెయ్, అందరిదాంట్లో అదే ఉంటుంది. ట్యాలీలో కాస్ట్ సెంటర్లు వాడటం వచ్చా? దాతల వారీగా లెక్కలు విడగొట్టేది వాటితోనే. వస్తే పైన రాయి. రాకపోతే ఆ అట్టపెట్టె మీదే నేర్చుకో.