పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు: ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయాలా, మొత్తం తుడిచి కొత్తగా వేయాలా?

కొర్లగుంట టీచర్
నా ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఐదేళ్లుగా విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత లినక్స్ సిస్టమ్, 20.04 వెర్షన్ మీదే నడుస్తోంది, బడి ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు అన్నీ అందులోనే ఉన్నాయి. 20.04కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 మే నెలతో ఆగిపోయాయని తెలిసి, పోయిన ఆదివారం ధైర్యం చేసి 22.04కి అప్‌గ్రేడ్ పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే రాత్రి తొమ్మిదైంది. తీరా అయ్యాక చూస్తే వైఫై గుర్తే లేదు, ఫ్యాను ఒకటే మోత, ఏ ఫైలు తెరిచినా రెండు నిమిషాలు బిగుసుకుపోతోంది. ఒక రిపేరు షాపుకు తీసుకెళ్తే, వెనక మూత కూడా విప్పకుండా "లినక్స్ వేసుకుంటే ఇంతే మేడమ్, బోర్డు పోయుంటుంది, విండోస్ 10 వేసిస్తాం" అన్నారు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోనే సపోర్టు అయిపోయింది కదా, మళ్లీ అదెందుకు? ఇప్పుడు దీన్నే 24.04 దాకా తీసుకెళ్లాలా, మొత్తం తుడిచేసి కొత్తగా వేసుకోవాలా? అసలు అప్‌గ్రేడ్ వల్లే పాడైందా? రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పేపర్లు తయారు చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

గ్రీమ్స్‌పేట కుర్రోడు
మేడమ్, తుడిచేయండి. 20.04 నుంచి 24.04కి ఒక్క దూకులో పోలేరు, మధ్యలో 22.04లో దిగి తీరాలి, అంటే ఇంకోసారి ఇదే నరకం. పాత సెట్టింగులు, బయటి నుంచి తెచ్చిన పాత ప్యాకేజీలు అన్నీ లోపలే మిగిలిపోయి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని కొత్తగా వేస్తే గంటలో అయిపోతుంది. 4 జీబీ ర్యామ్ కాబట్టి మామూలు ఉబుంటు కాకుండా జుబుంటు గానీ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ వేయండి, అవీ లినక్సే, తేలిగ్గా నడుస్తాయి. నేను చిత్తూరులో ఇంటింటికీ తిరిగి వేసిచ్చినవన్నీ ఇలా వేసినవే, ఒక్కటీ వెనక్కి రాలేదు.

ల్యాబ్ అన్న, రేణిగుంట
తమ్ముడూ, అందరికీ తుడిచేయమనే సలహా ఇవ్వడం నాకు నచ్చదు. ఆమెకు ప్రింటర్ సెట్ అయి ఉంది, తెలుగు కీబోర్డు, పోతన ఫాంటు అన్నీ కుదిరి ఉన్నాయి, ఇవన్నీ మళ్లీ ఎవరు చేసిపెడతారు? మా కాలేజీ ల్యాబ్‌లో మిషన్లను నేను అప్‌గ్రేడ్ చేస్తూనే వచ్చాను, బయటి సోర్సులను అప్‌గ్రేడే ఆపేస్తుంది, ఆ భయం అక్కర్లేదు. పోయింది వైఫై డ్రైవరు మాత్రమే అనుకుంటున్నా. ఆ కాలం ల్యాప్‌టాపుల్లో చాలావాటికి వైఫై కోసం బ్రాడ్‌కామ్ కంపెనీ చిప్ ఉంటుంది, దాన్ని నడిపే డ్రైవరు కెర్నల్‌తో (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) పాటు రాదు, కెర్నల్ మారిన ప్రతిసారీ విడిగా తయారవ్వాలి. 20.04 మొదట వచ్చిన కెర్నల్ 5.4, 22.04ది 5.15, అక్కడ అది తయారు కాకపోతే వైఫై మాయం. మేడమ్, ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది, అప్పుడు "అడిషనల్ డ్రైవర్స్"లోకి వెళ్లి డ్రైవరు మళ్లీ ఎక్కించండి. అసలు అప్‌గ్రేడే వద్దనుకునేవాళ్లకు ఇంకో దారి కూడా ఉండింది, సొంత వాడకానికి 5 మిషన్ల దాకా ఉబుంటు ప్రో ఉచితం, దాంతో 20.04కే 2030 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

గ్రీమ్స్‌పేట కుర్రోడు
అన్నా, డ్రైవరు సంగతి సరే. ఫైలు తెరవడానికి రెండు నిమిషాలు ఎందుకు? ఏడు గంటల అప్‌గ్రేడ్ ఎక్కడైనా ఉందా? దానికి నీ దగ్గర జవాబు లేదు.

స్క్రూడ్రైవర్, తిరుచానూరు రోడ్డు
జవాబు డిస్క్‌లో ఉంది, ఇద్దరూ దాని ఊసే ఎత్తలేదు. నాకు రోజూ చేతిలో తిరిగేవి ఇలాంటి మిషన్లే. మేడమ్, ఇంకేం చేయకముందు రెండు పనులు చేయండి. "డిస్క్స్" అనే యాప్ తెరిచి, మెనూలో స్మార్ట్ డేటా, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు, చూడండి, అందులో "కరెంట్ పెండింగ్ సెక్టార్" అనే వరసలో సున్నా కాక ఇంకేదైనా అంకె ఉంటే డిస్క్ చదవలేని చోట్లు మొదలయ్యాయని అర్థం. చెవి దగ్గర పెట్టి వినండి, టిక్కు టిక్కుమంటోందా? రెండోది ఫ్యాను. పవర్ తీసి, బ్యాటరీ తీసి, మూత విప్పండి లేదా ఎవరితోనైనా విప్పించండి. ఫ్యానుకూ రాగి రేకులకూ మధ్య దుమ్ము దుప్పటి గుడ్డలా గట్టిగా పేరుకుని ఉంటుంది, బయటి నుంచి ఎంత ఊదినా రాదు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అది విపరీతంగా తిరిగి బేరింగు పోతుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊరు మనది, పదేళ్లు విప్పని మిషన్ వేడెక్కకుండా ఎలా ఉంటుంది? మూత విప్పకుండా బోర్డు పోయిందని చెప్పేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

కొర్లగుంట టీచర్
చూశాను. పెండింగ్ సెక్టార్ దగ్గర 136 అని ఉంది. టిక్కుమనే శబ్దం కూడా వస్తోంది, ఇన్నాళ్లూ అది ఫ్యానుదే అనుకున్నా. మా తమ్ముడు మూత విప్పాడు, మీరు చెప్పినట్టే బూడిదరంగు పొర, చేత్తో లాగితే ఒకే ముక్కగా వచ్చింది. ఇప్పుడు మోత లేదు. బిగుసుకుపోవడం మాత్రం అలాగే ఉంది.

ల్యాబ్ అన్న, రేణిగుంట
చూశావా తమ్ముడూ, అప్‌గ్రేడ్ పాడు చేయలేదు. పోతున్న డిస్క్ మీద వేల ఫైళ్లు ఒక్కసారి రాసేసరికి జబ్బు బయటపడింది. మేడమ్, ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, ఒకటి కొనండి, పాతదాన్ని ఉన్నది ఉన్నట్టే దాంట్లోకి క్లోన్ (పూర్తి నకలు) చేసేయండి.

స్క్రూడ్రైవర్, తిరుచానూరు రోడ్డు
అన్నా, ఇక్కడ మాత్రం నేను కుర్రోడి వైపే. చదవలేని సెక్టార్లున్న డిస్క్‌ను క్లోన్ చేస్తే ఆ కంతలు కూడా కొత్తదాంట్లోకి వస్తాయి, అవి ఏ సిస్టమ్ ఫైల్లో పడ్డాయో ఎవరికి తెలుసు? సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసుకుని, సిస్టమ్ కొత్తగా వేయాలి. డిస్క్ బాగుండి ఉంటే నేనూ అప్‌గ్రేడే చేయమనేవాణ్ణి. మేడమ్, ముందు ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేయండి, సినిమాలు, పాటలు తర్వాత చూసుకోవచ్చు, ఆ డిస్క్ ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అని అడగండి. ర్యామ్ కూడా పెంచాలనుకుంటే పాత ముక్క తీసుకెళ్లి దాని మీద రాసిందే అడగండి, డీడీఆర్3, డీడీఆర్3ఎల్ ఒకటి కావు.

ల్యాబ్ అన్న, రేణిగుంట
కంతల మాట నిజమే, ఈ డిస్క్ వరకు ఒప్పుకుంటా. బాగున్న మిషన్‌ను తుడవమంటే మాత్రం ఒప్పుకోను.

గ్రీమ్స్‌పేట కుర్రోడు
నాదీ ఒక తప్పుందన్నా, డిస్క్ చూడకుండా కొత్తగా వేయమన్నాను. ఆ డిస్క్ మీదే వేసి ఉంటే నెలకే మళ్లీ పోయేది, ఆమె ఫైళ్లు కూడా పోయేవి. మేడమ్, ఫాంటు గురించి దిగులు వద్దు, "ఫాంట్స్ తెలు ఎక్స్‌ట్రా" అనే ప్యాకేజీలో పోతన, వేమన రెండూ ఉన్నాయి.

కొర్లగుంట టీచర్
శనివారం ఎస్‌ఎస్‌డీ పెట్టించి మింట్ వేశాం. పేపర్ల ఫోల్డర్ మొత్తం వచ్చింది, నిరుటి మార్కుల పట్టికలో ఒక ఫైలు మాత్రం తెరుచుకోవడం లేదు, దాని ప్రింటు బీరువాలో ఉంది కాబట్టి సరిపోయింది. నాలుగో తరగతి పేపరు పోతనలో తెరిచి చూశాను, ఒత్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. వైఫై ఇంకా రాలేదు, నెట్ ఫోన్ తీగతోనే నడుస్తోంది. రేణిగుంట అన్నగారూ, ఆ డ్రైవరు సంగతి మింట్‌లో ఎక్కడ చూడాలి?